ఖాయం కాని ఉద్యోగం

2 ఏప్రిల్ 2012, సోమవారం

చేరాను. తుర్కపల్లిలో మందుల కంపెనీ, స్టోర్స్‌లో. జీతం పద్దెనిమిది వేలు. ఇన్నాళ్లు పనిచేసిన గోదాములో సేటు ఇచ్చేదానికి దాదాపు రెట్టింపు. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తారట. చేరినవాళ్లందరికీ ఒక డైరీ, ఒక పెన్ను ఇచ్చారు. అట్ట మీద కంపెనీ పేరు ఇంతింత అక్షరాలతో ఉంది కాబట్టి ఇంటికి తీసుకెళ్లే పని లేదు. ఇక్కడే నా సొరుగులో ఉంటుంది. అన్నం తిన్నాక పావుగంట ఖాళీ దొరుకుతుంది.

ఎలీషమ్మకు చెప్పలేదు.

చెప్పకపోవడం వేరు, అబద్ధమాడటం వేరు. చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. మా చర్చి సంఘంలో కొత్త ఉద్యోగం వచ్చినవాడు మొదటి నెల జీతం రూపాయి తీయకుండా కవరులో పెట్టి బల్ల మీద పెట్టాలి. ప్రథమ ఫలం అంటారు. ఆ తర్వాత నెలనెలా పదో వంతు. ఎవరూ బలవంతం చేయరు. ఎలీషమ్మ చేస్తుంది. పాస్టరు అయ్యగారు మర్చిపోయినా నా పెళ్లాం మర్చిపోదు.

నేను మొన్నటి డిసెంబరు మర్చిపోలేదు. సేటు రెండు నెలలు జీతం ఆపాడు, ఇంటి లోను మూడు కిస్తీలు తప్పాయి. గుండ్లపోచంపల్లిలో మా ఇంట్లో ఆ రోజు గృహ కూడిక. ఇరవై మంది చాపల మీద కూర్చుని పాట పాడుతున్నారు. బ్యాంకు పంపిన మనుషులు ఇద్దరు చెప్పులతోనే లోపలికి వచ్చి, దానియేలు ఎవరని అడిగి, తలుపుకు నోటీసు అంటించి ఫోటో తీసుకుని పోయారు. పాట ఆగలేదు. నేనూ పాడుతూనే ఉన్నాను. అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

బాకీ తొంభై ఆరు వేలు, గడువు ఇంకా రెండేళ్లు. రెండేళ్లు ఆగను. ఆగస్టుకల్లా కట్టి పారేస్తాను. ఇంటి కాగితాలు చేతికి వచ్చాక అన్నీ చెప్పి, ఒక నెల కాదు రెండు నెలల జీతం బల్ల మీద పెడతాను. దేవుడికి వడ్డీతో సహా ముడుతుంది.

3 ఏప్రిల్

గోదాముకు కొత్త లోడ్లు వస్తున్నాయని, ఇక రోజూ ఏడు దాటుతుందని చెప్పాను. సరే, ఇది మాత్రం అబద్ధమే.

9 ఏప్రిల్, సోమవారం

నిన్న ఈస్టర్. సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అని అయ్యగారు అనగానే ఆడవాళ్ల వైపు నుంచి ఎలీషమ్మ లేచింది. స్త్రీల సమాజానికి కోశాధికారి, ఆమెకు మైకంటే భయం లేదు.

“మా ఆయన పదకొండేండ్ల సంది గోదాముల పని జేస్తున్నడు. జీతం టయానికి రాదు. దేవుడు ఆయనకు మంచి పని జూపియ్యాలె. జూపిచ్చేదాంక నేను ప్రతి శుక్రారం ఉపాసముంట. మీరందరు ప్రార్థన జెయ్యిండ్రి.”

అందరూ ఆమేన్ అన్నారు. మగవాళ్ల వైపు గట్టిగా అన్నది నేనే.

అప్పుడే లేచి చెప్పవలసింది. లేవలేదు. రాత్రంతా ఆలోచించాక నాకు ఒకటి తేలింది. ఖాయం కాని ఉద్యోగం ఉద్యోగమే కాదు. ఆరు నెలలయ్యాక పొమ్మంటే? ఆమె అడిగింది మంచి పని. ఇది మంచి పనో కాదో నాకే ఇంకా తెలియదు. కాబట్టి ఆమె ప్రార్థనలో తప్పేమీ లేదు, నా మౌనంలోనూ లేదు.

17 ఏప్రిల్

మంచి పని కాదని తేలిపోయేలా ఉంది. ఇక్కడికి వచ్చిన ప్రతి డ్రమ్ముకు ముందు పసుపు చీటీ అంటించాలి, అంటే పరీక్షలో ఉందని అర్థం. ల్యాబువాళ్లు సరేనంటే ఆకుపచ్చ చీటీ. కాదంటే ఎరుపు, వేరే గదిలో పెట్టి తాళం. గోదాములో పదకొండేళ్లు బస్తాను కాలితో తన్ని బరువు చెప్పినవాణ్ని. ఇక్కడ తన్నితే ఉద్యోగం పోతుంది.

మా పై అధికారి జోయా మేడమ్. ఇరవై ఆరేళ్లు ఉంటాయేమో. యాప్రాల్ నుంచి వస్తుంది. ఇవాళ ఒక బరువు తప్పు రాసి, దాని మీదే దిద్దాను. పిలిచి కూర్చోబెట్టింది. దిద్దకూడదట. తప్పు మీద ఒకే ఒక గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలట. కొట్టేసిన అంకె కూడా చదవడానికి రావాలట. ఎంతో మర్యాదగా చెప్పింది. ఆ మర్యాదే నన్ను చంపుతోంది. నలభై మూడేళ్లవాణ్ని, ఒకటో తరగతి పిల్లాడిలా తల ఊపాను.

2 మే, బుధవారం

మొన్న జీతం పడింది. మేడ్చల్‌లో ఏటీఎం దగ్గర తొమ్మిదిన్నర వేలు తీసి, సేటు ఇచ్చే ఖాకీ కవరు పాతది దాచుకున్నాను కదా, అందులో పెట్టాను. నోట్లు కాస్త నలిపాను కూడా. సేటు ఏనాడూ కొత్త నోట్లు ఇచ్చిన పాపాన పోలేదు.

ఎలీషమ్మ కవరు విప్పి ముందు తొమ్మిది వందల యాభై తీసి పక్కన పెట్టింది. ఆ తర్వాత బ్యాంకు కిస్తీ, మా అమ్మాయి హన్నా బడి ఫీజు. మిగిలిన నాలుగు నోట్లతో నెలంతా గడపాలి. తక్కువ పడితే జాకెట్లు కుట్టిన డబ్బు ఉంది కదా అన్నది. ఆమె వేళ్ల మీద లెక్కేసుకుంటుంటే చూడలేక బయటికి వచ్చి టీవీఎస్ బండి తుడిచాను. తుడవాల్సినంత మురికి దాని మీద లేదు.

మిగతా ఎనిమిదిన్నర వేలు ఖాతాలోనే ఉన్నాయి. ప్రథమ ఫలం ఖర్చు పెట్టలేదు, దాచాను. తేడా ఉంది.

4 మే, శుక్రవారం

ఆమె తినలేదు. ఇక్కడ క్యాంటీన్‌లో ఇవాళ గుడ్డు కూర.

10 మే

ఉదయం పర్మిషన్ తీసుకుని మేడ్చల్‌లో బ్యాంకుకు వెళ్లాను. అప్పు ముందే తీర్చేస్తాను, ఏం చేయాలి అని అడిగాను. కిటికీలో ఉన్నాయన నన్ను ఏదో జబ్బు మనిషిని చూసినట్టు చూశాడు. ఎందుకు సార్ తొందర, ఇప్పుడు మీ కిస్తీలు బాగానే వస్తున్నాయి, కావాలంటే ఇంకో లక్ష ఇప్పిస్తాం అన్నాడు. డిసెంబరులో నా తలుపుకు కాగితం అంటించింది వీళ్లే. అర్జీ రాయమన్నాడు. రాశాను. ఇంగ్లీషులో రాయమన్నాడు. అదీ రాశాను. అది హెడ్డాఫీసుకు పోవాలట, అక్కడి నుంచి ఉత్తరం వస్తే అప్పుడు బాకీ ఎంతో చెప్తారట. ఎన్నాళ్లు పడుతుందంటే భుజాలు ఎగరేశాడు.

కట్టనివాడి ఇంటికి ఇద్దరు మనుషుల్ని పంపుతారు. కడతానంటే కుర్చీ కూడా చూపించరు.

23 మే

సేటు దగ్గరికి నాలుగోసారి. పదకొండేళ్ల సర్వీసు డబ్బు అరవై వేలు రావాలి. ఇవాళ మా బావమరిది పెళ్లి ఉంది, వచ్చే వారం రమ్మన్నాడు. పోయిన వారం కూడా బావమరిది పెళ్లే. ఆ అరవై వేలు లేనిదే బ్యాంకు బాకీ తీరదు.

9 జూన్, శనివారం

నిన్న శుక్రవారం. నీళ్ల ట్యాంకరు దగ్గర బిందె ఎత్తబోయి ఎలీషమ్మ పడిపోయింది.

కంపెనీ లోపలికి వెళ్లేటప్పుడు ఫోన్లు లాకరులో పెట్టేయాలి. అయిదున్నరకు తీసి చూస్తే హన్నా తొమ్మిదిసార్లు చేసింది. ఆరో తరగతి పిల్ల. పక్కింటివాళ్లు మేడ్చల్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లారట. రోజూ మేడ్చల్‌లో టీవీఎస్ పెట్టి నేనెక్కే కంపెనీ క్యాబ్ నడిపే ఏజాజ్ మిగతావాళ్లను అడిగి, ముందు నన్ను తీసుకెళ్లి ఆసుపత్రి గేటు దగ్గర దించాడు. నా టిఫిను సంచి మర్చిపోతే పట్టుకుని లోపలికి వచ్చాడు.

సెలైను ఎక్కుతోంది. ఒంట్లో రక్తం సగమే ఉందన్నాడు డాక్టరు. పస్తులుంటే మళ్లీ ఇక్కడికే వస్తావమ్మా అన్నాడు. కిటికీలోంచి తెల్ల కారు చూసి ఎవరిదని అడిగింది ఎలీషమ్మ. సేటు బండి అన్నాను. ఆమె ముఖం వెలిగింది. సేటు మంచోడే అన్నా, బండి పంపిండు అని ఏజాజ్‌తో అన్నది. ఏజాజ్ నా వైపు ఒకసారి చూసి, అవునమ్మా అని సంచి కింద పెట్టి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చాక చేతులు పట్టుకుని అడిగాను, ఉపవాసాలు ఆపెయ్యమని. “నీకు పని దొర్కనీ, తింట” అన్నది. దొరికింది అన్న మాట నాలుక మీదికి వచ్చింది. సేటు ఇంకా డబ్బు ఇవ్వలేదు, బ్యాంకు ఉత్తరం రాలేదు, ఇప్పుడు చెప్తే పద్దెనిమిది వేలు బల్ల మీదికి పోతాయి. ఇన్నాళ్లు పడ్డ కష్టం ఎందుకు? మింగేశాను. ఇంకా రెండు నెలలే.

11 జూన్

పొద్దున క్యాబ్‌లో నేనొక్కణ్నే ఉన్నప్పుడు ఏజాజ్ అడిగాడు, భాబీకి నౌకరీ సంగతి తెల్వదా సాబ్ అని. బ్యాంకు, ప్రథమ ఫలం, ఆగస్టు, అన్నీ చెప్పాను. అర్థం చేసుకుంటాడనుకున్నాను. శామీర్‌పేట చెరువు దాటాక నాతో ఇంకోసారి అట్ల అనిపించొద్దు సాబ్ అన్నాడు. డ్రైవరువు డ్రైవరులా ఉండు అని అందామనుకుని ఊరుకున్నాను. కోపం సాయంత్రందాకా తగ్గలేదు.

18 జూన్

బ్యాంకు ఉత్తరం వచ్చింది, ఇంటికి. నా చేతికిస్తే వాళ్ల సొమ్మేం పోయింది. ఎలీషమ్మ హన్నాతో చదివించింది. ఆ పిల్లకు వచ్చిన ఇంగ్లీషులో ఇల్లు, లోను, క్లోజు అన్న మాటలు తెలిశాయి. ఇల్లు లాగేసుకుంటున్నారని తల్లీకూతుళ్లు నేను వచ్చేదాకా ఏడ్చారు. అందరికీ పంపే కాగితమేనని, భయం లేదని చెప్పాను. నమ్మినట్టే ఉంది. కానీ బుధవారం కూడా ఉపవాసం ఉంటానన్నది.

ముందే కడితే వేసే జరిమానా ఇప్పుడు తీసేశారట, ఉత్తరంలో ఉంది. ఈ మూడు నెలల్లో నేను విన్న ఒకే ఒక మంచి మాట. దాన్ని పంచుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు.

2 జూలై, సోమవారం

నిన్న అయ్యగారి ప్రసంగం. ఇంట్లో ఎవరో ఏదో దాచిపెడితే ఆ ఇంటికి వచ్చే ఆశీర్వాదం గడప దగ్గరే ఆగిపోతుందని గంటసేపు చెప్పాడు. ఏజాజ్ చెప్పాడా? ఏజాజ్‌కు మా అయ్యగారెవరో తెలియదు. ఎలీషమ్మ వైపు చూశాను. తల వంచుకుని కొంగుతో ముఖం కప్పుకుంది. నా గురించే ఏడుస్తోందనుకున్నాను.

7 జూలై, శనివారం

నా గురించి కాదు.

నిన్న సాయంత్రం ఉపవాసం విడవకుండా హన్నాను పక్కింటికి పంపి నా ముందు కూర్చుంది. నీకు పని రాకపోవడానికి కారణం నేనే అన్నది. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది.

మా సంఘం ఆడవాళ్లు పొయ్యి మీద అన్నం పెట్టే ప్రతిసారీ దేవుడి పేర ఒక పిడికెడు బియ్యం పక్కకు తీస్తారు. వారం తిరిగేసరికి ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేసి మా ఇంట్లో డబ్బాలో ఉంచేది ఎలీషమ్మే. ఆదివారం గుడిలో వేలం వేస్తే వచ్చిన డబ్బు విధవరాళ్ల మందులకు పోతుంది. డిసెంబరులో సేటు జీతం ఆపినప్పుడు, మూడు వారాలు ఆ డబ్బాలోంచి తీసి వండిందట. పదకొండు కిలోలు. ఆ వారాల్లో బియ్యం తక్కువ వచ్చాయని సమాజానికి చెప్పిందట.

“పిల్ల ఆకలంటే సూడలేకపోయిన. అప్పటిసంది ఆ డబ్బ మూత తీసినప్పుడల్ల అదే యాదికొస్తది. ఆ బియ్యమే నీ పనికి అడ్డం పడ్డది. నన్ను మాఫ్ జెయ్యి.”

ఆ అన్నం నేనూ తిన్నాను. రోజూ తిన్నాను. మారు వడ్డించుకున్నాను.

పోనీలే, దేవుడు చూసుకుంటాడు, నేను క్షమించాను అన్నాను. తల మీద చెయ్యి పెట్టాను. నా కాళ్ల మీద పడబోతే లేపాను. ఈ ఉద్యోగంలో చేరాక ఇంట్లో నేను పెద్దమనిషిలా ప్రవర్తించింది నిన్ననే.

16 జూలై, సోమవారం

నాతో చెప్పుకుంటే తీరిపోతుందనుకున్నాను. ఆమెకు తీరలేదు.

నిన్న ఆరాధన ముగిసే ముందు లేచి, మైకు వద్దని, మామూలు గొంతుతో సంఘమంతటికీ చెప్పింది. ఎన్ని వారాలో, ఎన్ని కిలోలో. నా గురించి ఒక్క మాట అనలేదు, అన్నం తిన్నది తానొక్కతే అయినట్టు చెప్పింది. కొందరు ఏడ్చారు. కొందరు వెనక్కి తిరిగి చూశారు. సమాజం పెట్టె తాళం చెవి కొంగు ముడి విప్పి వజ్రమ్మ చేతిలో పెట్టింది. డబ్బా కూడా మధ్యాహ్నం వాళ్లింటికి చేరింది. వజ్రమ్మ వద్దనలేదు. ఎనిమిదేళ్లుగా ఆ పదవి కోసం ఎదురుచూసిన మనిషి.

నేను మూడో వరుసలో కూర్చుని ఉన్నాను. చొక్కా జేబులో కంపెనీ గుర్తింపు కార్డు ఉంది, శనివారం తీసి పెట్టడం మర్చిపోయాను. అరచెయ్యి దాని మీద పెట్టి ఆరాధన అయ్యేదాకా తీయలేదు. భయంతోనా, సిగ్గుతోనా అంటే రెండూ. ఎక్కువ భయమే.

ఏడో తారీకు పేజీలో ‘నేను క్షమించాను’ అన్నచోట ఇప్పుడే ఒక గీత గీశాను, చదవడానికి వచ్చేలాగే. పక్కన దా. 16/7 అని రాశాను. సరైన మాట ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలాను.

20 జూలై, శుక్రవారం

హన్నా చర్చిలో ఆదివారం బడికి పోనంటోంది. పిల్లలు దాని టిఫిను డబ్బా మూత తీసి బియ్యం ఎక్కడివని అడుగుతున్నారట. నేను వెళ్లి పంతులమ్మతో మాట్లాడతానన్నాను. ఏం మాట్లాడతావు నాయినా అన్నది. అది మామూలుగానే అడిగింది.

26 జూలై

ఏజాజ్ రంజాన్ రోజాలో ఉన్నాడు. నీళ్ల సీసా తీసి మళ్లీ సంచిలో పెట్టేశాను, అతని ముందు తాగబుద్ధి కాలేదు. భాబీ ఇంకా ఉపాసమేనా సాబ్ అన్నాడు. అవునన్నాను.

“నేను ఎందుకుంటున్ననో నాకెరుకే సాబ్. ఆమెకే ఎరుక లేకుండ జేసినవ్.”

సేటు డబ్బు మొన్న మంగళవారం ఇచ్చాడు. అరవై వేలు, అన్నీ వంద నోట్లు. రాసి పెట్టుకోవాలన్నా ఉత్సాహం లేదు.

10 ఆగస్టు, శుక్రవారం

నిన్న కట్టేశాను. ఎనభై ఐదు వేల చిల్లర. కిటికీలో అదే మనిషి రసీదు మీద ముద్ర వేసి, ఇప్పుడైనా ఆలోచించుకోండి సార్, కొత్త లోను తక్కువ వడ్డీకి ఇప్పిస్తాను అన్నాడు. కాగితాలు రావడానికి పదిహేను రోజులట. అవి లేకుండా చెప్తే ఏం చూపించి చెప్పాలి? రసీదు ఎవరైనా తెస్తారు. కాగితాలు రానీ.

ఇవాళ శుక్రవారం అని తెలుసు.

22 ఆగస్టు

కాగితాలు వచ్చాయి. అమ్మకపు దస్తావేజు, లింకు పత్రాలు, మా ఇద్దరి సంతకాలు ఉన్న పాత ఫోటోల కాగితం. ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చారు. బ్యాంకు మెట్లు దిగుతుంటే గాల్లో నడిచినట్టు ఉంటుందని ఏప్రిల్ నుంచి అనుకున్నాను. ఎండగా ఉంది. టీవీఎస్ స్టార్టు కాలేదు.

25 ఆగస్టు, శనివారం

చెప్పాను.

నిన్న సాయంత్రం చీకటి పడకముందే ఇంటికి వెళ్లాను. ఆమె ఉపవాసం విడవడానికి గంజి కాచుకుంటోంది. కవరు ఆమె ఒళ్లో పెట్టాను. ఇల్లు మనదైంది, ఇక ఎవడూ తలుపు దగ్గరికి రాడు అన్నాను. కాగితాలు ఒక్కొక్కటే తిరగేసింది. ఫోటో దగ్గర ఆగింది. డబ్బు ఎక్కడిదని అడిగింది. సేటు సర్వీసు డబ్బు అన్నాను. ఎందుకిచ్చిండు, పని మానేసినవా అన్నది. ఇక ఆగలేదు, మొత్తం చెప్పేశాను. తుర్కపల్లి, జీతం, తెల్ల కారు, కవరు. నీకోసమే చేశాను అన్నాను, నాలుగైదుసార్లు అన్నాను.

కొట్టదు, తిట్టదు అని తెలుసు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఎన్నో తారీకు చేరినవ్ అని మాత్రం అడిగింది. ఏప్రిల్ రెండు అన్నాను. గంజి పొంగి పొయ్యి ఆరిపోయింది. ఇద్దరం లేవలేదు. ఆమె తల ఎత్తి అడిగింది.

“ఆ దినం నన్ను మాఫ్ జేసినవ్ గదా. నా నెత్తి మీద చెయ్యి బెట్టి. అప్పుడు నీ మనసుల ఏముండె?”

పొద్దున్నుంచి ఇక్కడ పసుపు చీటీలు అంటిస్తూ అదే ఆలోచిస్తున్నాను. ఆ రోజు నా మనసులో బ్యాంకు ఉంది. అంతే ఉంది.

ఆదివారం లేచి అందరి ముందు నేనే చెప్తానన్నాను. “జెప్పు. తారీకుతోని జెప్పు” అన్నది. కాగితాలు తిరిగి కవరులో పెట్టి నాకే ఇచ్చింది.

27 ఆగస్టు, సోమవారం

నిన్న సాక్ష్యాల సమయంలో లేచాను. చేతిలో ప్లాస్టిక్ కవరు. మాటలు శనివారం నుంచి వరసగా పేర్చుకున్నాను. ముందు ఉద్యోగం, తర్వాత ఇల్లు, తర్వాత తారీకు, తర్వాత ఎలీషమ్మ ఉపవాసాలు, ఆఖరున క్షమాపణ.

దేవుడు నాకు తుర్కపల్లిలో మంచి ఉద్యోగం ఇచ్చాడు, మా ఇంటి అప్పు మొత్తం తీరిపోయింది అన్నాను. తర్వాతి మాట కోసం ఊపిరి తీసుకున్నాను. ఆ లోపలే చప్పట్లు. అయ్యగారు వేదిక దిగి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. చూశారా, సహోదరి జూలైలో తన తప్పు ఒప్పుకున్నది, నెల తిరిగేసరికి దేవుడు ఆ ఇంటి తలుపులు తెరిచాడు అన్నాడు. హల్లెలూయ అని అందరూ లేచారు. వజ్రమ్మ పోయి ఎలీషమ్మను కౌగిలించుకుంది. మగవాళ్లు నా చేతులు పట్టుకుని ఊపారు. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. ఎంతసేపు ఉందో చెప్పలేను. ఒక పాట పల్లవి పాడేంతసేపు ఉండి ఉంటుంది.

తర్వాత అందరూ కూర్చున్నారు.

ఆడవాళ్ల వైపు నుంచి ఎలీషమ్మ లేచింది.

“అయ్యగారు, ఆయనకు పని ఏప్రిల్ రెండు తారీకు నాడే అయింది. నేను బియ్యం సంగతి ఒప్పుకున్నది జూలైల. నేను ఒప్పుకుంటె వచ్చిన పని గాదు అది. నేను ఉపాసముండక ముందే ఉండె.”

అంతే చెప్పి కూర్చుంది. తల్లి చెయ్యి హన్నా పట్టుకుంది. ఎవరూ నా వైపు చూడలేదు, అది చూడటం కంటే కష్టంగా ఉంది. అయ్యగారు పాటల పుస్తకం తెరిచి ఒక అంకె చెప్పాడు.

ఇంటికి నడిచే వచ్చాం. తల్లీకూతుళ్లు ముందు, నేను వెనక. అన్నం వండింది. మూడు పళ్లేలు పెట్టి ముగ్గురికీ సమంగా వడ్డించింది, తానూ కూర్చుని తినసాగింది. నేనే చెప్పేవాణ్ని కదా, అంతమందిలో నువ్వెందుకు తొందరపడ్డావు, అయ్యగారి మాట అయ్యాక చెప్దామనే ఆగాను అన్నాను. ఆమె ఇంకో ముద్ద కలుపుకుంది.

“నువ్వు కూసున్నవ్” అన్నది.

నిజమే. అందరితో పాటు నేనూ కూర్చున్నాను.